రెండో ఓటు అడిగిన మాస్టారు

నేను కొమరోలు తహశీల్దారుగా చేరింది ఒక జనవరి నెలాఖరులో. చేరి టేబులు సొరుగులైనా సర్దుకోకముందే శాసనమండలి ఉపాధ్యాయ నియోజకవర్గం ఎన్నిక వచ్చిపడింది. పోలింగ్ మార్చిలో. సంవత్సరం మాత్రం రాయను. రాస్తే ఎవరి ఎన్నికో ఇట్టే తెలిసిపోతుంది. మనుషుల పేర్లు కూడా మార్చాను. ఈ కథ చెప్పినప్పుడల్లా ఇప్పటికీ నాకు నవ్వు ఆగదు. ఆ రోజు మాత్రం డ్యూటీలో ఉన్నాను కాబట్టి ఆపుకోవాల్సి వచ్చింది, ఉద్యోగం మొత్తంలో నేను పడ్డ పెద్ద కష్టం అదే.

మండలి సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. ఏ మండలంలో పనిచేసినా జనం నన్ను అడిగిన ప్రశ్న ఒకటే. "మేడం, మొన్ననే గదా మండలికి ఎలక్షన్లు అయింది, మళ్ళీ ఏంది?" శాసనసభ మొత్తం ఒకేసారి రద్దయి ఒకేసారి ఏర్పడుతుంది. మండలి అట్లా కాదు. సభ్యుడి పదవి ఆరేళ్ళు, కానీ రెండేళ్ళకోసారి మూడో వంతు మంది దిగిపోతారు, వాళ్ళ స్థానాల్లో కొత్తవాళ్ళు వస్తారు. పదో తరగతి పిల్లలు వెళ్ళిపోయినా, ఆరో తరగతిలో కొత్తవాళ్ళు చేరుతూ బడి ఎప్పుడూ మూతపడనట్టు, మండలి ఎప్పటికీ రద్దు కాదు. అందుకని ఏదో ఒక జిల్లాలో ఏదో ఒక స్థానానికి ఎన్నిక వస్తూనే ఉంటుంది. కానీ ఒక్కో స్థానానికి మాత్రం ఆరేళ్ళకు ఒక్కసారే. ఆ ఒక్కసారి తప్పితే మళ్ళీ ఆరేళ్ళు కూర్చోవాల్సిందే.

దేవరత్నం మాస్టారికి ఆ కూర్చునే ఓపిక లేదు. గిద్దలూరు దగ్గరున్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు ఆయన. అంతకుముందు హనుమంతునిపాడు, అర్ధవీడు, కొమరోలు అన్నిచోట్లా చెప్పారు. ఆయన బాధ ఒకటే. బదిలీల కౌన్సెలింగ్ జరిగిన ప్రతిసారీ మా పడమటి మండలాల లెక్కల మాస్టార్లు కోస్తా వైపు కోరుకుని వెళ్ళిపోతారు, ఆ పోస్టులు ఖాళీగా పడి ఉంటాయి. "మా పిల్లోళ్ళు ఏం పాపం చేసినారని? ఆ సభలో నిలబడి ఒక్కసారి అడగాల," అని ఆయన మా ఆఫీసులో అందరి ముందూ అన్నారు. ప్రభుత్వ ఉపాధ్యాయుడు ఉద్యోగంలో ఉండి పోటీ చేయకూడదు. ఇంకా సర్వీసు ఉండగానే స్వచ్ఛంద విరమణ పెట్టేశారు. అంటే గెలిస్తే సభ, ఓడితే ఇల్లు. మధ్యలో నిలబడడానికి చోటు లేదు.

ఆయన భార్య సువార్తమ్మ కూడా టీచరే, కానీ ప్రాథమిక పాఠశాలలో. ఈ ఎన్నికలో ఓటు హైస్కూలు, ఆ పైన చెప్పేవాళ్ళకే, అదీ గత ఆరేళ్ళలో కనీసం మూడేళ్ళు చెప్పినవాళ్ళకే. "ఊళ్ళో అందరినీ ఓటు అడుగుతాడు మేడం, నన్ను తప్ప," అని ఆమె నవ్వుతూ ఫిర్యాదు చేసింది. ఓటు లేని కోపమంతా ప్రచారంలో చూపించింది. చర్చి నుంచి వచ్చే దారిలో కనపడ్డ ఏ హైస్కూలు మాస్టారినీ వదల్లేదట.

ఇక ఓటు వేసే పద్ధతి. ఈ కథకు ప్రాణం అక్కడే ఉంది. ఇందులో గుర్తులుండవు, మీటలుండవు. కాగితం మీద అభ్యర్థుల పేర్లుంటాయి. మనకు బాగా నచ్చినవారి పేరు పక్కన 1 అని, తర్వాత నచ్చినవారి పక్కన 2 అని, అట్లా ఇష్టమున్నంత వరకు అంకెలు వేయాలి. 1 తప్పనిసరి, మిగతావి మన ఇష్టం. అంకె కూడా పోలింగ్ కేంద్రంలో ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే వేయాలి. పోలైన చెల్లుబాటు ఓట్లలో సగానికి పైన ఒకటి వస్తే గెలుపు, దాన్ని కోటా అంటారు. ఎవరికీ రాకపోతే అందరికన్నా తక్కువ వచ్చినవారిని తీసేసి, వారి కాగితాల మీద 2 ఎవరికి ఉందో చూసి ఆ ఓట్లు వాళ్ళకు కలుపుతారు. మళ్ళీ తక్కువున్నవారిని తీసేస్తారు. ఎవరో ఒకరు కోటా దాటేవరకు ఇట్లా సాగుతుంది.

మా వైపు రెండు పెద్ద ఉపాధ్యాయ సంఘాలున్నాయి. అప్పటి సిట్టింగ్ సభ్యుడు ఒక సంఘం మనిషి. రెండో సంఘం తన సొంత అభ్యర్థిని నిలబెట్టింది. ఈ రెండింటికీ ఎంత పడదంటే, ఒక సంఘం వాళ్ళు టీ తాగే హోటల్లో రెండో సంఘం వాళ్ళు మంచినీళ్ళు కూడా తాగరు. దేవరత్నం ఏ స్టాఫ్ రూముకు పోయినా ఒకటే మాట. "అన్నా, నువ్వంటే ప్రాణమే. కానీ మొదటి ఓటు సంఘానికి మాట ఇచ్చినాం."

ఇంకొకరైతే చేతులు పట్టుకుని బతిమాలేవారు. ఈయనకు ఒకరిచేత మాట తప్పించడం ఇష్టం లేదు. "అట్లనే తమ్ముడూ, మాట తప్పొద్దు. రెండోది నాకు ఇయ్యి," అన్నారు. ఎదుటివాళ్ళకు ప్రాణం లేచొచ్చింది. ఖర్చు లేని పుణ్యం కదా, అందరూ సరేనన్నారు. చివరికి అదే ఆయన నినాదమైపోయింది. ఆయన పక్కన ఎప్పుడూ ఖాదర్ సాబ్ ఉండేవాడు. ఉర్దూ మాస్టారుగా రిటైరై మార్కాపురంలో పుస్తకాల దుకాణం పెట్టుకున్నాడు. దేవరత్నానికి ఏజెంటు, డ్రైవరు, భజంత్రీ అన్నీ ఆయనే. స్కూటర్ మీద స్కూలు గేటు దాకా వచ్చి, "రత్నానికి రెండోది! రెండోది రత్నానికి!" అని కేకేసి మరీ పోయేవాడు.

ఇంత బాగున్న పథకంలో ఒక బొక్క ఉంది. రెండో ఓట్లు ఎన్ని ఉన్నా, మొదటి ఓట్లు మరీ తక్కువైతే మొదటి రౌండులోనే ఇంటికి పోతారు. అప్పుడు ఆ రెండో ఓట్లను చూసే దిక్కే ఉండదు. లెక్కల మాస్టారు కదా, ఆయనకు ఆ సంగతి తెలుసు. తన మీద నిజమైన అభిమానం ఉన్నవాళ్ళు ఎట్లాగూ మొదటిదే వేస్తారులే అనుకున్నారు. లెక్క సరైందే. ఆ అభిమానులు ఎంత మాట వినే మనుషులో అంచనా వేయడంలోనే తప్పు జరిగింది.

పోలింగ్ రోజు నేను సెక్టార్ అధికారిని, అంటే కొన్ని పోలింగ్ కేంద్రాలు తిరిగి చూసే డ్యూటీ. మండలానికి ఒక కేంద్రం, ఓటర్లు ఒక పెళ్ళి పంక్తికి సరిపోయేంత మంది. కొమరోలు కేంద్రం దగ్గర, గీసిన హద్దు అవతల వేపచెట్టు కింద, ఖాదర్ సాబ్ నిలబడి ఉన్నాడు. సైన్సు చెప్పే సుబ్బరాయుడు మాస్టారు ఓటు వేసి, చొక్కా సర్దుకుంటూ వచ్చి, నేను జీపు దిగుతుండగా ఆయనతో గర్వంగా అన్నాడు.

"రత్నం అడిగినట్టే రెండు వేసినా భాయ్. ఇంక యెవురికీ ఏమీ వెయ్యల. నా ఓటంతా మనోడికే."

ఖాదర్ సాబ్ "షాబాష్!" అని ఆయన్ను కావలించుకున్నాడు.

నేను జీపు తలుపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. 1 లేని కాగితం చెల్లదు. 2 ఒక్కటే వేస్తే ఆ ఓటు తిన్నగా చెత్తలోకే. ఆ పెద్దమనిషి దేవరత్నాన్ని అంతగా అభిమానించి, ఇంకొకరి పేరు పక్కన అంకె కూడా పెట్టలేక, ఆయన అడిగిందే అడిగినట్టు ఇచ్చాడు. నవ్వు గొంతు దాకా వచ్చింది. వెంటనే మిగతా కేంద్రాలు గుర్తొచ్చాయి. అర్ధవీడు నుంచి హనుమంతునిపాడు దాకా ఇంకెంతమంది సుబ్బరాయుళ్ళున్నారో!

ఎన్నికల అధికారి ఫలానా అభ్యర్థికి వేయమని చెప్పకూడదు కానీ, ఓటు ఎట్లా వేయాలో అందరికీ ఒకేలా చెప్పవచ్చు. లోపలికి పోయి, గోడకు అంటించిన సూచనలను ప్రతి ఓటరుకూ చదివి వినిపించమని ప్రిసైడింగ్ అధికారికి చెప్పాను. ఎవరో ఒకరికి 1 వేయాలి, 1 లేకుండా మిగతా అంకెలు చెల్లవు. నా పరిధిలోని మిగతా కేంద్రాలకూ ఫోన్ చేసి అదే చెప్పాను. మాస్టార్లకు కోపమొచ్చింది. ఏడాదికోసారి పరీక్ష హాల్లో పిల్లలకు సూచనలు చదివి వినిపించేవాళ్ళకు, తమకెవరైనా చదివి వినిపిస్తే ఎంత అవమానమో ఆ రోజు చూశాను. హిందీ పండితుడు ఒకాయన "ఏందయ్యా, మాకే ఒకట్లు నేర్పిస్తావా?" అని ప్రిసైడింగ్ అధికారి మీద ఎగిరి, లోపలికి పోయి ఏం వేశాడో ఆ దేవుడికే తెలియాలి.

కౌంటింగ్ మా కొండలు కనపడనంత దూరంలో, రిటర్నింగ్ అధికారి ఉండే పట్టణంలో ఒక కాలేజీ హాల్లో. ఆ అధికారి కలెక్టరే. నన్ను సహాయ రిటర్నింగ్ అధికారుల్లో ఒకరిగా వేశారు. చెల్లుతుందో లేదో తెలియని కాగితాలన్నీ నా టేబులుకు వస్తాయి, నేను తేల్చాలి. అన్ని పెట్టెల కాగితాలూ ముందు ఒకే డ్రమ్ములో కలిపేస్తారు, ఏ ఊరు ఎవరికి వేసిందో తెలియకుండా.

నా టేబులుకు వచ్చినవి చూస్తే నాకు మతిపోయింది. ఉపాధ్యాయుల ఓట్లు కదా, చక్కగా ఉంటాయనుకున్నాను. జీవితమంతా జవాబు పత్రాలు దిద్దిన చేతులు పెన్ను దొరకగానే ఆ పనే చేశాయి. కాగితం తర్వాత కాగితం, పేరు పక్కన అంకెకు బదులు నిండుగా టిక్కు! ఒకాయన టిక్కు పెట్టి కింద పొడి అక్షరాల్లో సంతకం చేసి తేదీ కూడా వేశాడు, నోటుపుస్తకం దిద్దినట్టు. ఇంకొకాయన ఒక అభ్యర్థికి పదికి ఎనిమిది మార్కులు, పక్కవాడికి పదికి మూడు వేశాడు. ఒకాయనైతే సిట్టింగ్ సభ్యుడి పేరు పక్కన "ఇంకా శ్రద్ధ వహించాలి" అని రాశాడు. నేను పెదవులు బిగబట్టి ఒక్కోదాని మీద తిరస్కరణ ముద్ర కొడుతున్నాను. నా పక్కన కూర్చున్న గుమాస్తా అప్పటికే టేబులు కింద ఏదో పడిపోయినట్టు వంగి, ఎంతసేపటికీ పైకి లేవలేదు.

ఆ తర్వాత వచ్చాయి నేను భయపడ్డ కాగితాలు. దేవరత్నం పేరు పక్కన 2. మిగతా అంతా తెల్లగా. ఒకటి, ఇంకొకటి, మళ్ళీ ఇంకొకటి. అందమైన, గుండ్రని మాస్టారి రెండ్లు. టేబుళ్ళకూ ఏజెంట్లకూ మధ్య కట్టిన వలకు అవతల నిలబడ్డ ఖాదర్ సాబ్‌కు విషయం అర్థమయ్యేసరికి ముఖం పాలిపోయింది.

"మేడం, ఆ మనిషి మనసు తెలుస్తానే ఉంది గదా. ఇంకెవురికీ వెయ్యల. రత్నం కోసమే వచ్చి వేసినాడు. దీన్నెట్ల కొట్టేస్తారు?"

మనసు తెలుస్తూనే ఉంది. అదే నా బాధ. కానీ నిబంధనలో మనసు ఊసు లేదు, 1 ఉండాలని మాత్రమే ఉంది. ముద్ర కొట్టాను. దేవరత్నం మాస్టారు వచ్చి ఆ కట్ట వైపు చూశారు. చూసి, నేను ఊహించని విధంగా, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "అడిగింది రెండు, ఇచ్చింది రెండు. అడుక్కోవడం నాకు చాతగాలేదు ఖాదరన్నా, వాళ్ళదేం తప్పు!" కళ్ళు తుడుచుకున్నారు. ఆ నీళ్ళు ఏ నీళ్ళో నేను అడగలేదు. ఉద్యోగం వదులుకున్న మనిషి.

మొదటి ప్రాధాన్యాల లెక్క అయింది. సిట్టింగ్ సభ్యుడు అందరికన్నా ముందు, రెండో సంఘం అభ్యర్థి ఆయన వెనక, ఎవరూ కోటాకు దగ్గరలో లేరు. దేవరత్నం కింద నుంచి రెండోవారు. అందరికన్నా కిందున్న అభ్యర్థి కన్నా ఆయనకు నాలుగంటే నాలుగు ఓట్లు ఎక్కువ. ఖాదర్ సాబ్ ఆ నాలుగు వేళ్ళూ పైకెత్తి హాలంతా చూపించాడు.

కిందున్న అభ్యర్థిని తీసేసి ఆయన కాగితాలు విప్పాం. రెండో ప్రాధాన్యం ఎవరికి? దేవరత్నం. తర్వాతి కాగితం? దేవరత్నం. లెక్కించే అమ్మాయి పేరు చదివి చదివి అలసిపోయి, "మళ్ళీ ఆయనే మేడం" అనడం మొదలుపెట్టింది. ఆయన ఒక మెట్టు ఎక్కారు. ఇంకొకరిని తీసేశాం, మళ్ళీ ఒక మెట్టు. అందరూ ఖర్చు లేని పుణ్యమనుకుని వేసిన రెండ్లన్నీ ఒక్కొక్కటిగా లేచి వస్తున్నాయి. టీ ఇచ్చేవాళ్ళు టీ ఇవ్వడం మానేసి చూస్తున్నారు. బందోబస్తు కానిస్టేబులు "ఇప్పుడెన్నో స్థానం?" అని నన్నే అడిగాడు, నేను కళ్ళతోనే కసిరాను. ఖాదర్ సాబ్ ప్రతి రౌండుకూ అనుమతి తీసుకుని బయటికి పరుగెత్తి, షామియానా కింద కూర్చున్న సువార్తమ్మకు చెప్పి, ఆయాసపడుతూ మళ్ళీ లోపలికి వచ్చేవాడు. ఆయన వయసుకు ఆ పరుగు చూస్తే నాకు భయమేసింది, నవ్వూ వచ్చింది.

చివరికి ముగ్గురు మిగిలారు. సిట్టింగ్ సభ్యుడు, రెండో సంఘం అభ్యర్థి, దేవరత్నం. ఈ ముగ్గురిలో ఎవరు కింద ఉంటే వాళ్ళు పోతారు. మొత్తం కలిపి చూస్తే రెండో సంఘం అభ్యర్థి కన్నా దేవరత్నం చాలా కొద్ది ఓట్ల తేడాతో పైన ఉన్నారు. 

రెండో సంఘం ఏజెంటు తెలివైనవాడు. వెంటనే లేచి, తిరస్కరించిన కాగితాలు మళ్ళీ పరిశీలించాలని కలెక్టరుకు అర్జీ ఇచ్చాడు. అడిగే హక్కు ఉంది. ఆయన వాదన సూటిగా ఉంది. టిక్కు పెట్టిన కాగితాల్లో ఎక్కువ తమ అభ్యర్థివి. ఒకే పేరుకు టిక్కు పెట్టాడంటే ఓటరు మనసు తెలుస్తూనే ఉంది, కదా?

పొద్దున విన్న మాటే, అక్షరం పొల్లుపోకుండా! ఖాదర్ సాబ్ నావైపు చూశాడు. నేను ఆయనవైపు చూడలేదు. ఆ టిక్కులు, దేవరత్నం రెండ్లకన్నా చాలా ఎక్కువ. వాటిని ఒప్పుకుంటే దేవరత్నం మూడో స్థానానికి జారి అక్కడే ఆగిపోతారు.

కలెక్టరు నన్ను పిలిచి, వీటిని ఏ లెక్కన కొట్టేశారని అడిగారు. రెండు కట్టలూ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఇవి టిక్కులు, ఇవి 1 లేని రెండ్లు. రెండింటినీ ఒకే నిబంధన కింద కొట్టాను సార్, 1 అనే అంకె లేదు. మనసు చూసి వీటిని ఒప్పుకుంటే వాటినీ ఒప్పుకోవాలి, ఒకటి ఒప్పుకుని ఒకటి కొట్టేస్తే నేను సంతకం పెట్టలేను అన్నాను. ఆయన రెండు కట్టలూ తిరగేశారు. "ఇంకా శ్రద్ధ వహించాలి" దగ్గర ఒక్క క్షణం ఆగి, మీసం సవరించుకునే వంకతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అర్జీ తోసిపుచ్చారు.

పొద్దున నేను ఆ రెండ్లను జాలిపడి ఒప్పుకుని ఉంటే, సాయంత్రం టిక్కులను ఆపడానికి నా దగ్గర ఏ మాటా ఉండేది కాదు. ఖాదర్ సాబ్ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. "యా అల్లా, పొద్దున నేనడిగినట్టు మీరు చేసి ఉంటే మా కొంప మునిగిపోయి ఉండేది గదమ్మా!"

రెండో సంఘం అభ్యర్థిని తీసేశాం. ఆ కట్టలు విప్పుతుంటే హాల్లో నవ్వులు అదుపు తప్పాయి. ఆ సంఘం వాళ్ళు చచ్చినా సిట్టింగ్ సభ్యుడి సంఘానికి రెండోది వేయరు. మరి ఎవరికి వేశారు? స్టాఫ్ రూముకు వచ్చి మర్యాదగా అడిగిన అన్నకు. కట్ట మీద కట్ట, ఊదారంగు రెండ్లే రెండ్లు. దీపాలు వేసే వేళకు దేవరత్నం కోటా దాటారు. హాల్లో నినాదాలు చేయకూడదని నేను మైకులో చెప్తుంటే నా గొంతే నవ్వుతో వణికింది. మైకు దాన్ని హాలంతా వినిపించింది.

ధ్రువపత్రం తీసుకుని ఆయన బయటికి వస్తే సువార్తమ్మ ఏడుస్తూ, నవ్వుతూ ఎదురొచ్చింది. దండ వేసింది. వేసి, అందరి ముందూ టీచరమ్మ గొంతుతో అడిగింది. "అంతా బాగానే ఉంది. ఇప్పుడు మీ బడిలో లెక్కలు యెవురు చెప్తారు?"

 ఖాళీ పోస్టుల గురించి అడగడానికి వెళ్తూ దేవరత్నం మాస్టారు ఒక కొత్త ఖాళీ చేసి పోతున్నారు. మండలిలో ఆయన మొట్టమొదట అడిగింది ఆ ఖాళీ గురించేనని తర్వాత తెలిసింది. మంత్రిగారు పరిశీలిస్తామన్నారట. తర్వాతి కౌన్సెలింగ్‌లో గిద్దలూరు బడికి మనిషి వచ్చాడు, హనుమంతునిపాడు పోస్టుకు మాత్రం ఆయన ఇంకా రెండేళ్ళు అడగాల్సి వచ్చింది.

ఆ తర్వాత నేను చేసిన కౌంటింగ్‌లన్నిటిలోనూ ఒక పద్ధతి పెట్టుకున్నాను, కొత్తగా వచ్చిన అధికారులకూ అదే చెప్పాను. సందేహం ఉన్న కాగితం చేతికి రాగానే ఎవరి ఓటో కనపడకుండా పేర్ల గడి మీద స్కేలు అడ్డం పెట్టాలి. అంకెల గడి మాత్రమే చూసి ముద్ర కొట్టాలి. ఆ తర్వాతే స్కేలు తీయాలి.